టర్నిటిన్ రిపోర్ట్: పాఠం చెప్పడానికి ఎంతవరకు పనికొస్తుంది?

"ఎంత శాతం లోపు ఉండాలి?" విద్యార్థి రాతను ఇతర మూలాలతో పోల్చి, ఎంత కలిసిందో శాతంగా చూపే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్. దాన్ని వాడే తరగతుల్లో విద్యార్థుల నోట మొదట వచ్చే ప్రశ్న ఇదే. దీనికి 10 అనో 15 అనో ఒక అంకె చెప్పేస్తే పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఇక విద్యార్థి ధ్యాసంతా ఆ అంకెను కిందికి దించడం మీదే ఉంటుంది. ఎవరి మాట తీసుకున్నాం, దాన్ని ఎలా చెప్పాం అన్న సంగతి పక్కకు పోతుంది. అందుకే ఈ సమీక్షలో టర్నిటిన్‌ను కాపీ పట్టుకునే యంత్రంగా చూడలేదు. మూలాలను నిజాయితీగా వాడుకోవడం నేర్పడానికి అది ఎంత సాయపడుతుంది, ఏ సెట్టింగులతో ఆ సాయం పెరుగుతుంది, ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుంది అన్నవే చూశాం.

మా తీర్పు ముందే చెబుతాం. డ్రాఫ్ట్ దశలో రిపోర్టును విద్యార్థి చేతికిచ్చి, రంగు పడిన ప్రతి ముక్కనూ అతని చేతే చదివిస్తే ఇది చాలా మంచి బోధనా సాధనం. చివరి కాపీ అందాక టీచర్ ఒక్కరే తెరిచి, అంకె చూసి మూసేస్తే దానివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు.

రిపోర్ట్ చెప్పేదేమిటి

1998లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థుల చొరవతో మొదలైన ఈ సంస్థను 2019లో అడ్వాన్స్ పబ్లికేషన్స్ అనే మీడియా సంస్థ సుమారు 175 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. సంస్థ పెద్దదైనా రిపోర్ట్ చేసే పని మాత్రం పరిమితమైనదే. విద్యార్థి ఇచ్చిన ఫైల్లోని పదాల వరుసలను వెబ్ పేజీలతో, పత్రికలు, జర్నళ్లలోని వ్యాసాలతో, ఇంతకుముందు జమ అయిన విద్యార్థుల పేపర్లతో పోల్చి, కలిసిన చోట రంగు వేస్తుంది. కలిసిన పదాలు మొత్తంలో ఎంత వంతో లెక్కగట్టి ఒక శాతం చూపిస్తుంది. అది పోలిక శాతం. గ్రంథచౌర్యం జరిగిందా లేదా అన్నది చదివిన మనిషి తేల్చాల్సిందే. ఇంత శాతం దాటితే తప్పు అనే గీతను ఆ కంపెనీ కూడా గీయలేదు.

రంగుల పద్ధతి ఇలా ఉంటుంది: పోలిక ఏమీ లేకపోతే నీలం, 24 శాతం వరకు ఆకుపచ్చ, 25 నుంచి 49 వరకు పసుపు, 50 నుంచి 74 వరకు నారింజ, ఆపైన ఎరుపు. బోధన కోణంలో ఈ రంగులే మొదటి చిక్కు. ఆకుపచ్చ కనిపిస్తే విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు. కానీ 3,000 పదాల వ్యాసంలో 8 శాతం అంటే 240 పదాలు. అవన్నీ ఒకేచోట ఉంటే ఒక పెద్ద పేరా మొత్తం అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసినట్టు. అదే వ్యాసంలో 30 శాతం వచ్చినా, ఆ 900 పదాలు రెఫరెన్సుల జాబితాలో, గుర్తులు పెట్టి ఉటంకించిన వాక్యాల్లో, సంస్థల పేర్లలో, పరికరాల పేర్లలో పరుచుకుని ఉంటే అందులో తప్పేమీ ఉండకపోవచ్చు. ఈ రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూపించి, "వీటిలో ఏది తప్పు?" అని అడగండి. శాతం మీద భ్రమ పోగొట్టడానికి ఇంతకంటే సూటి మార్గం లేదు.

కొత్త రూపంలో వస్తున్న రిపోర్టులో పోలికలను నాలుగు గుంపులుగా విడదీసి చూపిస్తున్నారు: కొటేషన్ గుర్తులూ సైటేషనూ (మూలం ఎవరిదో చెప్పే సూచన) రెండూ లేనివి, సైటేషన్ ఉన్నా గుర్తులు లేనివి, గుర్తులున్నా సైటేషన్ లేనివి, రెండూ ఉన్నవి. తరగతి గదికి అవసరమైన మార్పు ఇది. ఒకే అంకె చూపడం కంటే ఈ విభజన ఎంతో మెరుగు, ఎందుకంటే విద్యార్థి సరిదిద్దుకోవాల్సిన పని ఏమిటో గుంపు పేరులోనే ఉంది. అయితే సాఫ్ట్‌వేర్ చేసిన విభజనను కళ్లు మూసుకుని నమ్మకూడదు. సైటేషన్ వాక్యం చివర లేకుండా పేరా చివర ఉందనుకోండి, అది ఏ వాక్యానికి చెందుతుందో యంత్రం సరిగ్గా తేల్చలేదు. ఆ మాటకొస్తే చదివేవాళ్లూ తేల్చుకోలేరు. విద్యార్థికి చెప్పాల్సిన అసలు పాఠం అక్కడే ఉంది.

డ్రాఫ్ట్ కోసం సెట్టింగులు

టర్నిటిన్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం సెట్టింగుల్లోనే ఉంటుంది. బోధన కోసం వాడేటప్పుడు ఒకే అసైన్‌మెంట్ పెట్టి అందులోనే డ్రాఫ్టు, చివరి కాపీ రెండూ తీసుకోవద్దు. కొత్త ఫైల్ పెట్టగానే పాత ఫైల్, దాని రిపోర్ట్ రెండూ పోతాయి. విద్యార్థి ఏం మార్చాడో పోల్చి చూసే అవకాశం ఉండదు. డ్రాఫ్టుకు ఒకటి, చివరి కాపీకి ఒకటి చొప్పున రెండు అసైన్‌మెంట్లు పెట్టాలి.

డ్రాఫ్ట్ అసైన్‌మెంట్‌లో తప్పకుండా చూడాల్సింది రిపాజిటరీ (సమర్పించిన పేపర్లను దాచే నిల్వ) సెట్టింగు. అక్కడ "నో రిపాజిటరీ" ఎంచుకోవాలి. ఇది మరిచిపోతే డ్రాఫ్ట్ టర్నిటిన్ నిల్వలో చేరిపోతుంది. తర్వాత అదే విద్యార్థి మరో ఖాతా నుంచో మరో కోర్సు నుంచో చివరి కాపీ పెడితే, తన పేపర్‌తోనే 100 శాతం కలిసిందని ఎర్రగా చూపిస్తుంది. పాపం ఆ విద్యార్థి ఏ తప్పూ చేయకుండానే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండోది, విద్యార్థులు రిపోర్ట్ చూడవచ్చన్న ఐచ్ఛికం. దాన్ని ఆన్ చేయకపోతే మిగతాదంతా వృథా. రిపోర్ట్ వెంటనే తయారయ్యేలా, గడువు లోపల మళ్లీ సమర్పించుకునేలా పెట్టాలి. మొదటి మూడు పునఃసమర్పణల వరకు రిపోర్ట్ త్వరగానే వస్తుంది. ఆ తర్వాత ప్రతిదానికీ 24 గంటలు ఆగాలి. ఈ ఆలస్యం కావాలని పెట్టినదే, బోధనకు మేలు చేసేదే. పదం మార్చి పెట్టడం, శాతం చూడడం, మళ్లీ పదం మార్చడం అనే జూదాన్ని అది ఆపుతుంది. గడువుకు ముందురోజు రాత్రి నాలుగో ప్రయత్నం చేసిన విద్యార్థికి గడువులోపు రిపోర్ట్ రాదన్న సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచాలి.

ఇక మినహాయింపులు. కొటేషన్లను వదిలేయమని చెబితే జంట గుర్తుల మధ్య ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది. ఒంటి గుర్తులను పట్టించుకోదు. గ్రంథసూచిని వదిలేయాలంటే ఆ భాగానికి రెఫరెన్సెస్, బిబ్లియోగ్రఫీ, వర్క్స్ సైటెడ్ లాంటి పరిచితమైన శీర్షిక ఒక్కటే ఒక వరుసలో ఉండాలి. శీర్షిక పక్కనే మొదటి ఎంట్రీ మొదలుపెట్టినా, జాబితాను పట్టికలో పెట్టినా మినహాయింపు పనిచేయకపోవచ్చు. శాతం ఉన్నట్టుండి పెరిగిందని విద్యార్థి కంగారుపడితే ముందు చూడాల్సింది ఈ శీర్షికనే.

డ్రాఫ్ట్ దశలో మా సలహా వేరు: మినహాయింపులు ఏవీ పెట్టకండి. కొటేషన్లను వదిలేస్తే, సగం వ్యాసాన్ని ఉటంకింపులతో నింపిన విద్యార్థికి కూడా చక్కటి ఆకుపచ్చే కనిపిస్తుంది. తన వ్యాసంలో తన గొంతు ఎంతుందో అతనికి తెలియదు. గ్రంథసూచిని వదిలేస్తే మరో ముఖ్యమైన జాడ పోతుంది. ఆరేడు రెఫరెన్సులు వరుసగా, అదే క్రమంలో ఒకే మూలంతో కలిశాయంటే, విద్యార్థి ఆ పుస్తకాలను తెరవకుండా ఎవరిదో జాబితాను ఎత్తి పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. చదవని పుస్తకాన్ని చదివినట్టు చూపడం కూడా తప్పేనని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

చిన్న పోలికలను వదిలేసే సెట్టింగు ఒకటుంది. దాన్ని పదాల లెక్కనైనా పెట్టవచ్చు, శాతం లెక్కనైనా పెట్టవచ్చు. శాతంగా ఎప్పుడూ పెట్టవద్దు. 10,000 పదాల థీసిస్‌లో 1 శాతం అంటే 100 పదాలు. ఒక్కో మూలం నుంచి తొంభై పదాల చొప్పున ఎత్తిన ముక్కలు పది ఉన్నా ఒక్కటీ కనిపించదు. చివరి కాపీకి కావాలంటే పదాల లెక్కన 8 పెట్టుకోవచ్చు. డ్రాఫ్ట్‌కు అదీ వద్దు, ఎందుకంటే మూలంలో అక్కడక్కడా పదాలు మార్చి, అతుకులు వేసి రాసిన పేరాల్లో మిగిలేవి అయిదారు పదాల ముక్కలే.

ఫైల్ విషయానికొస్తే 100 ఎంబీ లోపు, 800 పేజీల లోపు ఉండాలి, కనీసం 20 పదాలుండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అక్షరాలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. పదాల మధ్య తెల్ల రంగు అక్షరాలు దాచడం, కొన్ని అక్షరాల బదులు మరో లిపిలోని అలాంటి అక్షరాలే పెట్టడం లాంటి పనులు చేస్తే రిపోర్ట్ వాటిని విడిగా జెండా ఎత్తి చూపిస్తుంది.

రిపోర్ట్ చదవడం నేర్పే పద్ధతి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. 1,500 పదాల డ్రాఫ్ట్ ఒకటి తీసుకుని విద్యార్థులను ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టండి. ఒకరి రిపోర్టును మరొకరు చూడాలి. శాతం కనిపించే మూలను కాగితంతో కప్పేసినా ఫరవాలేదు. రంగు పడిన ప్రతి ముక్క పక్కనా ఒక నిర్ణయం రాయాలి: గుర్తులు కావాలి, సైటేషన్ కావాలి, మళ్లీ రాయాలి, వదిలేయవచ్చు. వదిలేయవచ్చని రాస్తే ఎందుకో కూడా చెప్పాలి. అసైన్‌మెంట్ ప్రశ్నే వ్యాసంలో ఉంది, చట్టం పేరు, ఆ రంగంలో అందరూ వాడే మాట, పరికరం పేరు లాంటి కారణాలు చెల్లుతాయి. "ఆరు పదాలే కదా" అన్నది కారణం కాదు.

మొదటిసారి ఈ పని చేసేటప్పుడు విద్యార్థులు పొరబడే చోటు ఒకటుంది. రిపోర్ట్ ఏ మూలం పేరు చూపిస్తే అక్కడినుంచే తీసుకున్నట్టని అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ తన నిల్వలో బాగా కలిసిన మూలాన్ని పైన పెడుతుంది. విద్యార్థి ఒక వెబ్‌సైట్ చూసి రాస్తే, అదే వెబ్‌సైట్ నుంచి ఎత్తిన వేరే ఎవరి పేపరో పైకి రావచ్చు. "ఆ పేపర్ నేనెప్పుడూ చూడలేదు" అని విద్యార్థి అంటే అది నిజమే కావచ్చు. అన్ని మూలాలూ చూపే వీక్షణ తెరిచి, కిందున్నవి కూడా చూడాలి. వేరే సంస్థలోని విద్యార్థి పేపర్ అయితే దాని పూర్తి పాఠం నేరుగా తెరుచుకోదు, అక్కడి బోధకుని అనుమతి అడగాలి. ఆ గొడవంతా డ్రాఫ్ట్ దశలో అనవసరం. విద్యార్థి తాను చూసిన మూలాన్ని తెచ్చి పక్కన పెడితే సరిపోతుంది.

టీచర్ పక్కన వ్యాఖ్యలు రాయడానికి క్విక్‌మార్క్ అనే సౌకర్యం ఉంది. తరచూ రాసే వ్యాఖ్యను ఒకసారి తయారు చేసుకుని, తర్వాత లాగి వదలడమే. దానితో వచ్చే రెడీమేడ్ వ్యాఖ్యల్లో సైటేషన్ కావాలని చెప్పేది ఉంటుంది కానీ, అది చాలదు. సొంతంగా కనీసం మూడు చేర్చుకోండి: "ఈ సైటేషన్ ఎక్కడినుంచి ఎక్కడివరకు వర్తిస్తుందో తెలియడం లేదు. మూల రచయిత పేరుతో వాక్యం మొదలుపెట్టు." "మాటలు మారాయి, వాక్యం ఎముకలు మారలేదు. మూలం మూసేసి మళ్లీ రాయి." "ఇది మూలంలో ఉన్న మాటా, నువ్వు తేల్చిన మాటా?" ఈ మూడో ప్రశ్న వేసినప్పుడే విద్యార్థి తన వాదన గురించి ఆలోచించడం మొదలుపెడతాడు.

అతుకుల రాత దగ్గర సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది

విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు గుడ్డిగా ఎత్తిరాయడం కాదు. మూల వాక్యాన్ని ముందు పెట్టుకుని ఒక్కో పదానికీ పర్యాయపదం పెట్టుకుంటూ పోవడం. అమెరికన్ రచనా బోధకురాలు రెబెకా మూర్ హొవార్డ్ 1990ల్లో దీన్ని ప్యాచ్‌రైటింగ్ అన్నారు. దీన్ని నేరంగా చూసేముందు, కొత్త విషయాన్ని ఇంకా జీర్ణించుకోని రచయిత నేర్చుకునే దశగా చూడాలన్నది ఆమె వాదన. మేమూ ఒప్పుకుంటాం. నేర్చుకునే దశ అంటే దాటాల్సిన దశ అని కూడా అర్థం. ఆ దాటించే పని టీచర్‌దే.

ఒక మూల వాక్యం చూడండి: "నగరాల్లో చెట్ల నీడ తగ్గిన కొద్దీ కాంక్రీటు, తారు పగటి వేడిని పీల్చుకుని రాత్రివేళ నెమ్మదిగా వదులుతాయి; అందువల్ల చుట్టుపక్కల పల్లెలకంటే నగరాల్లో రాత్రి ఉష్ణోగ్రతలు ఎక్కువగా నమోదవుతాయి."

విద్యార్థి రాసింది: "పట్టణాల్లో వృక్షాల నీడ తక్కువయ్యే కొద్దీ కాంక్రీటు, తారు పగటిపూట ఉష్ణాన్ని గ్రహించి రాత్రిపూట మెల్లగా విడుదల చేస్తాయి, దీనివల్ల పక్కనున్న గ్రామాలకంటే పట్టణాల్లో రాత్రి ఉష్ణోగ్రతలు అధికంగా నమోదవుతాయి." చివర సైటేషన్ పెట్టినా ఇది సరైన పారాఫ్రేజ్ (మూలంలోని అర్థాన్ని సొంత మాటల్లో చెప్పడం) కాదు. వాక్యం నడక, కారణం తర్వాత ఫలితం అనే క్రమం, పోలిక, చివరి క్రియ దాకా అన్నీ మూలానివే. ఇలాంటి చోట వరుసగా కలిసే పదాలు రెండు మూడే కాబట్టి రిపోర్టులో రంగు పడకపోవచ్చు, పడినా ముక్కలుముక్కలుగా పడుతుంది. శాతం తగ్గింది, తప్పు మాత్రం అలాగే ఉంది.

మూలం మూసేసి, అర్థాన్ని గుర్తు తెచ్చుకుని రాస్తే ఇలా రావచ్చు: "నగరం రాత్రిపూట ఎందుకు చల్లబడదన్న ప్రశ్నకు మూల రచయిత చూపే కారణం కట్టడాలకు వాడే పదార్థాలు. ఎండలో అవి దాచుకున్న వేడే చీకటి పడ్డాక బయటికొస్తుంది. నీడనిచ్చే చెట్లున్న చోట దాచుకునే వేడీ తక్కువే." రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్య దీనికి జతచేయాలి. "మూల రచయిత చూపే కారణం" అనడంలోనే ఆలోచన ఎవరిదో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత విద్యార్థి తన మాట కలపడానికి దారి తెరుచుకుంటుంది.

ఈ అభ్యాసాన్ని తరగతిలో చేయించే క్రమం ఇది. మూలంలో అయిదారు వాక్యాల భాగాన్ని రెండుసార్లు చదవమనండి. పుస్తకం మూసేయాలి. అయిదు నిమిషాల తర్వాత, ఆ భాగం చెబుతున్నదేమిటో పక్కవాళ్లకు నోటితో చెప్పాలి. చెప్పిన మాటలే కాగితం మీద పెట్టాలి. అప్పుడు మూలం తెరిచి రెండు విషయాలు సరిచూడాలి: అర్థం ఎక్కడైనా మారిందా, వరుసగా నాలుగైదు పదాలు ఎక్కడైనా కలిశాయా. కలిసినచోట పారిభాషిక పదాలైతే అలాగే ఉంచి, మిగతావి మళ్లీ రాయాలి. నోటితో చెప్పించే మెట్టును సమయం లేదని దాటేయకండి. ఆ మెట్టు దాటేస్తే విద్యార్థులు మళ్లీ కళ్లతో మూలాన్నే వెతుక్కుంటారు.

రిపోర్టుకు కనిపించనివి

ఒక భాషలో చదివి మరో భాషలోకి తర్జుమా చేసి రాస్తే, సైటేషన్ లేకపోయినా రిపోర్ట్ శుభ్రంగా రావచ్చు. రెండు భాషల్లో చదువుకునే విద్యార్థులకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రలోభం. అనువాదం చేసినంత మాత్రాన ఆలోచన మనదైపోదని, అనువదించిన వాక్యానికి కూడా మూలం చెప్పాలని విడిగా ఒక తరగతి తీసుకుని చెప్పాల్సిందే. డిజిటల్ రూపంలో లేని పుస్తకాలు, చందా గోడల వెనకున్న కొన్ని వ్యాసాలు, గ్రాఫులు, పటాలు, లెక్కలు, ఇంకొకరి వ్యాసం వాదన నడిపిన క్రమం కూడా రిపోర్టుకు అందవు. డబ్బిచ్చి రాయించుకున్న వ్యాసం కొత్తగా రాసిందైతే పోలిక శాతం సున్నాకు దగ్గరగానే ఉంటుంది.

రెఫరెన్సు ఉందా లేదా అని చూసినా, ఆ మూలంలో నిజంగా ఆ మాట ఉందా అన్నది ఈ రిపోర్ట్ చూడదు. దీనికి వేరే పని పెట్టాలి. ప్రతి విద్యార్థి డ్రాఫ్టులోంచి రెండు సైటేషన్లను టీచరే ఎంచుకుని, ఆ పుట తెచ్చి చూపించమని అడగాలి. వ్యాసాలైతే డీఓఐ సంఖ్యను (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఆ సంఖ్యల వివరాలుండే క్రాస్‌రెఫ్ సైట్‌లో వెతికితే శీర్షిక, రచయితలు, సంవత్సరం సరిపోయాయో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. చాట్‌బాట్లు పుట్టించే లేని రెఫరెన్సులు ఈ పరీక్షలో దొరికిపోతాయి.

టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో ఏఐ రాతను గుర్తించే సూచికను కూడా జోడించింది. అది పోలిక శాతంలో కలవదు. కనీసం 300 పదాల గద్యం ఉంటేనే పనిచేస్తుంది. 20 శాతం కంటే తక్కువ వస్తే అంకె బదులు నక్షత్రం గుర్తు చూపిస్తున్నారు, ఎందుకంటే ఆ స్థాయిలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. పోలిక రిపోర్టులో మూలం పక్కనే కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఏఐ సూచికకు అలాంటి ఆధారం ఏదీ ఉండదు. అందుకే గ్రంథచౌర్యం గురించిన పాఠంలోకి దాన్ని తేవద్దని, దాన్నొక్కదాన్నే పట్టుకుని ఎవరినీ నిందించవద్దని మా గట్టి అభిప్రాయం. అనుమానం ఉంటే డ్రాఫ్టులు, నోట్సు, ఫైల్ మార్పుల చరిత్ర అడిగి, విద్యార్థితో పది నిమిషాలు విషయం మీద మాట్లాడటమే దారి.

పక్కన ఏం ఉండాలి

టర్నిటిన్ ఒక్కటే కొని, బోధన అయిపోయిందనుకునే సంస్థలు రెండు ఉచిత సాధనాలను వదులుకుంటున్నాయి. మొదటిది ఇండియానా విశ్వవిద్యాలయం 2002 నుంచి నడుపుతున్న ఆన్‌లైన్ పాఠం, పరీక్ష. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇందులో ప్రతి ప్రశ్నలో ఒక పక్క మూలం, మరో పక్క విద్యార్థి రాత ఉంటాయి. అది మాటకు మాట ఎత్తినదా, పారాఫ్రేజ్ పేరుతో చేసిన చౌర్యమా, తప్పు లేనిదా అని తేల్చాలి. పరీక్ష నెగ్గితే ధ్రువపత్రం వస్తుంది. ఏ ప్రశ్న తప్పిందో అది చెప్పదు. విద్యార్థులకు చిరాకు తెప్పించేది, వాళ్లకు ఎక్కువ నేర్పేది కూడా అదే: జవాబులు బట్టీ పట్టే వీలుండదు, పాఠం మళ్లీ చదవాల్సిందే. వరుసగా ఏడు పదాలు కలిస్తే మాటకు మాట ఎత్తినట్టేనని అది పెట్టుకున్న కొలత మొదలుపెట్టేవాళ్లకు పట్టుకొమ్మలా పనికొస్తుంది. కానీ ఆరు పదాలైతే ఫరవాలేదని విద్యార్థులు అనుకోకుండా చూసుకోవాలి.

రెండోది జొటేరో. 2006లో వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ రెఫరెన్స్ మేనేజర్‌ను (చదివిన మూలాల వివరాలను దాచి సర్దే సాఫ్ట్‌వేర్) చాలామంది చివర్లో గ్రంథసూచి తయారు చేయడానికే వాడతారు. చౌర్యాన్ని నివారించేది మాత్రం దాని నోట్సు సౌకర్యం. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి పీడీఎఫ్‌ను అందులోనే చదువుతూ గీతలు పెట్టుకోవచ్చు. ఆ గీతలను నోట్‌లోకి లాగితే వాక్యం కొటేషన్ గుర్తులతో, మూలంతో, పుట సంఖ్యతో వచ్చి పడుతుంది. నోట్సులో ఏది పుస్తకం మాటో ఏది తన మాటో మూడు వారాల తర్వాత గుర్తులేక జరిగే కాపీకి ఇది సరైన మందు. విద్యార్థి సొంత ఆలోచనను ఆ గుర్తుల బయట, వేరే రంగులో రాసుకునే అలవాటు చేయించాలి. వెబ్‌సైట్ నుంచి దిగిన వివరాల్లో రచయిత పేరు, సంవత్సరం, పెద్ద చిన్న అక్షరాలు తరచూ తప్పుగా వస్తాయి. ప్రతి ఎంట్రీనీ అసలు వ్యాసం మొదటి పేజీతో సరిచూడాలి.

ఈ రెండూ ముందు, టర్నిటిన్ ఆ తర్వాత. క్రమం తలకిందులైతే రిపోర్ట్ బెదిరింపుగానే మిగులుతుంది. గూగుల్ డాక్స్‌లో, ఆన్‌లైన్ వర్డ్‌లో పనిచేసే టర్నిటిన్ వారి డ్రాఫ్ట్ కోచ్ కూడా మీ సంస్థ చందాలో ఉంటే దాన్ని ఉపయోగించండి. విద్యార్థి రాస్తున్నచోటే ఒక్కో పత్రాన్ని మూడుసార్లు వరకు పోల్చి చూసుకోవచ్చు, ఆ డ్రాఫ్ట్ నిల్వలోకి వెళ్లదు. మూడుసార్లు చాలవని విద్యార్థులు అంటారు. చాలతాయి, మొదటిసారి పూర్తి డ్రాఫ్ట్ అయ్యాకే నొక్కితే.

కొనే విషయంలో ఒక హెచ్చరిక

టర్నిటిన్‌ను సంస్థలకే అమ్ముతారు, విద్యార్థి విడిగా కొనలేడు. ధర సంస్థ పరిమాణాన్ని, ఎంచుకున్న భాగాలను బట్టి మారుతుంది కాబట్టి బేరం చేసేటప్పుడు డ్రాఫ్ట్ కోచ్ అందులో ఉందా, విద్యార్థుల పేపర్ల నిల్వ ఎవరి అధీనంలో ఉంటుంది, ఒప్పందం ముగిశాక ఆ పేపర్లు ఏమవుతాయి అన్నవి రాతలో అడగాలి. పేపర్లను ఇలా నిల్వ చేయడం మీద విద్యార్థులు అమెరికాలో కోర్టుకెళ్లారు. పోల్చి చూడటానికి అలా భద్రపరచడం న్యాయమైన వాడకమేనని (ఫెయిర్ యూజ్, అంటే కాపీరైట్ ఉన్నదాన్ని అనుమతి లేకుండానే వాడుకోవడానికి చట్టం ఇచ్చే వీలు) 2009లో అక్కడి నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. చట్టం ఒప్పుకున్నా, పేపర్ ఎక్కడికి వెళుతుందో సమర్పించే ముందే విద్యార్థికి చెప్పడం టీచర్ బాధ్యత.

ఒక్క రిపోర్ట్ తీసిస్తామంటూ డబ్బు తీసుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తారు. వాళ్లు వేరే సంస్థ ఖాతాలోకి ఫైల్ ఎక్కిస్తారు. ఆ ఖాతాలో రిపాజిటరీ సెట్టింగు ఎలా ఉందో విద్యార్థికి తెలిసే దారి లేదు. నిల్వలో చేరిందంటే, రేపు సొంత కాలేజీలో థీసిస్ పెట్టినప్పుడు అది ముందే ఎక్కడో సమర్పించిన పేపర్‌గా కనిపిస్తుంది. దాన్ని విద్యార్థి తనంతట తాను తొలగించలేడు. ఏ ఖాతాలో చేరిందో ఆ ఖాతా బోధకుడో అడ్మినిస్ట్రేటరో తొలగించమని కోరాలి. ముక్కూమొహం తెలియని ఖాతా అయితే ఆ కోరిక ఎవరికి పెట్టుకోవాలో కూడా తెలియదు. సంస్థలోపల పొరపాటున నిల్వలో చేరితే మాత్రం టీచర్ ద్వారా అడ్మినిస్ట్రేటర్‌కు పేపర్ ఐడీ పంపి తీసేయించుకోవచ్చు. ఆ ఐడీ సమర్పించినప్పుడు వచ్చే డిజిటల్ రసీదులో ఉంటుంది, అందుకే ప్రతి రసీదునూ కోర్సు అయ్యేవరకు దాచుకోమని మొదటి తరగతిలోనే చెప్పండి.